కొండ దీపాల క్యాసెట్

(తిరుపతిలో ఒక ఆదివారం సాయంత్రం మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడిన పిల్లలు ముందుకు రండి నాయనా, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. అమ్మా, మీరు ఫ్యాను కింద కూర్చోండి.

నేను ఈ ఊళ్ళో 1997 నుంచి పన్నెండేళ్ళు ఒక కేబుల్ టీవీ కంట్రోల్ రూమ్‌లో రాత్రి డ్యూటీ చేశాను. రాత్రి పదింటికి ఎక్కితే పొద్దున ఆరింటికి దిగేవాణ్ణి. నన్ను పిలిచిన మిత్రులు "టీవీ అనుభవాలు చెప్పన్నా" అన్నారు. ఎన్నికల ఫలితాల రాత్రుల గురించి, క్రికెట్ ఫైనల్ నాడు కరెంటు పోతే జనం మా మేడ ఎక్కిన సంగతి గురించి చెబుతానని అనుకొని ఉంటారు. అవి ఇంకోసారి. ఇవాళ నేను చెప్పాలని వచ్చింది వేరే. రాత్రి సినిమా అయిపోయాక, పన్నెండు దాటాక, చూపించడానికి ఇక ఏమీ లేనప్పుడు ఏదో ఒకటి వేస్తారే, ఆ ఏదో ఒకటి గురించి. మేం దాన్ని ఫిల్లర్ అనేవాళ్ళం. నా సంచిలో ఒక క్యాసెట్ ఉంది. దాని గురించి చెప్పి, చివర్లో చూపిస్తాను.

అసలు ఫిల్లర్ ఎందుకు? ఆపేసి పడుకోవచ్చు కదా? చాలామంది నన్నడిగిన ప్రశ్న ఇది.

మా కంట్రోల్ రూమ్ రైల్వే స్టేషన్‌కు దగ్గరలో ఒక లాడ్జి మేడ మీద ఉండేది. పైన డిష్‌లు. లోపల ఒక్కో ఛానల్‌కు ఒక్కో రిసీవరు, ఆ బొమ్మను వైరులో పోయే సిగ్నల్‌గా మార్చే ఒక్కో మాడ్యులేటరు. అన్నిటినీ కలిపి ఒకే లావుపాటి వైరులోకి పంపిస్తే, అది కరెంటు స్తంభాల మీదుగా వీధులు పట్టుకుని పోయేది. బయటి ఛానళ్ళకు ఆకాశం నుంచి బొమ్మ వస్తుంది, దానికి మేం చేయాల్సిందేమీ లేదు. మా సొంత లోకల్ ఛానల్‌కు మాత్రం ఆకాశం లేదు, వీడియో క్యాసెట్లు తిప్పే ఒక వీసీఆరే ఉంది. క్యాసెట్ అయిపోతే తెర నిండా చుక్కలు, బుస్సుమని చప్పుడు. అది చూసినవాళ్ళు క్యాసెట్ అయిపోయిందని అనుకోరు, కేబుల్ తెగిందని అనుకుంటారు. వెంటనే ఫోను. ఒకరి తర్వాత ఒకరు. అర్ధరాత్రి ఒంటిగంటన్నరకు లైన్‌మన్‌ను లేపి స్తంభం ఎక్కించాలి. ఎక్కి చూస్తే లైన్ బాగానే ఉంటుంది. అందుకే మా ఓనరన్న చేరిన మొదటి రోజే నాకు చెప్పిన మాట: "అబ్బోడా, ఏం వేస్తావో నాకొద్దు. బొమ్మ మాత్రం ఆగకూడదు."

సినిమా వేస్తూ పోవచ్చు కదా అంటే, దానికీ ఖర్చే. వీసీఆర్‌లో టేపును చదివే హెడ్ అరుగుతుంది. మంచి వీసీఆర్‌ను రాత్రంతా తిప్పితే పగటికి పనికిరాదు. కాబట్టి పాత వీసీఆర్‌లో పాత క్యాసెట్. మూడు గంటల క్యాసెట్‌ను వెనక్కి తిప్పడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, ఆ కాసేపు కూడా తెర ఖాళీగా ఉండకూడదు. అప్పుడు కంప్యూటర్‌లోంచి ఒక నిశ్చల చిత్రం: తిరుచానూరు పద్మసరోవరం, నీళ్ళలో మండపం నీడ, కింద స్క్రోలింగ్‌లో బంగారు కొట్టు ప్రకటన, ఎవరో పాప పుట్టినరోజు శుభాకాంక్షలు, కొండ మీద సర్వదర్శనానికి ఎన్ని గంటలు పడుతుందో ఆ రోజు మాకు అందిన సమాచారం. ఆ పద్మసరోవరం ఫోటో ఈ ఊళ్ళో ఎంతమంది కళ్ళల్లో పడిందో లెక్కలేదు. ఇప్పటికీ కొందరు నన్ను పట్టుకుని "ఆ కోనేరు బొమ్మ అన్నా..." అంటారు. నాటి హిట్ సినిమాల పేర్లు మరిచిపోయినవాళ్ళు కూడా.

ఎందుకు గుర్తుండిపోయింది? నేను చాలాకాలం ఆలోచించింది దీని గురించే.

నా చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పాలి. మాది పుత్తూరు పక్కన పల్లె. హైదరాబాద్ దూరదర్శన్ 1977లోనే మొదలైనా మా పల్లెకు దాని బొమ్మ అందేది కాదు. మద్రాసు కేంద్రం 1975 నుంచి ఉంది, అదే మాకు దగ్గర. పుత్తూరు, నగరి, సత్యవేడు వైపు టీవీ కొన్నవాళ్ళు మిద్దె మీద పొడుగాటి ఇనప పైపు నాటి, యాంటెన్నాను మద్రాసు దిక్కుకు తిప్పి పెట్టుకునేవాళ్ళు. గాలివాన వస్తే పైపు తిరిగిపోయేది. మా పెదనాన్న మిద్దెక్కి తిప్పుతుంటే కిటికీ దగ్గర నిలబడి నేను "ఇంకొంచెం... ఇంకొంచెం... ఆఁ, ఆపు పెదనాయనా!" అని అరిచేవాణ్ణి. మధ్యలో ప్రసారం ఆగితే ఒక అట్ట పడేది: తడంగలుక్కు వరుందుగిరోమ్. తెలుగులో 'అంతరాయానికి చింతిస్తున్నాము' అని తర్వాత రోజుల్లో చూశాం గానీ, మా పల్లె పిల్లలు చదవడం నేర్చుకున్న మొదటి తమిళ వాక్యం అదే.

కార్యక్రమాలు మొదలయ్యే ముందు ఒక బొమ్మ వచ్చేది. పట్టీలు, మధ్యలో గుండ్రం, వెనక కూ... అని ఒకటే శబ్దం. మాది బ్లాక్ అండ్ వైట్ సెట్టు కాబట్టి రంగులన్నీ బూడిదే. నేను దాని ముందు అరగంట కూర్చునేవాణ్ణి. "ఏముందిరా దాంట్లో?" అని మా అమ్మ అడిగేది. చెప్పడం చేతనయ్యేది కాదు. ఇప్పుడు చేతనవుతుంది. ఆ బొమ్మ ఇంజనీర్ల కోసం చేసింది: రంగు సరిగ్గా వస్తోందా, గుండ్రం సాగిపోకుండా గుండ్రంగానే ఉందా అని చూసుకోవడానికి. ఆ రకం బొమ్మల్లో దేశదేశాలు తిరిగినదాన్ని 1966-67లో డెన్మార్క్‌లో ఫిలిప్స్ ప్రయోగశాలలో ఫిన్ హెండిల్ అనే ఇంజనీరు గీశాడు. దాన్ని ఎవరో చూసి ఆనందిస్తారని ఆయన అనుకొని ఉండడు. కానీ ఆ బొమ్మ కనబడిందంటే అక్కడెక్కడో, మద్రాసులోనో మరెక్కడో, ఒక మనిషి వచ్చి స్విచ్ వేశాడు. గదిలో లైటు వెలిగింది. మా పల్లెలో ఒక పిల్లవాడికి అది చాలు.

ఇక క్యాసెట్ సంగతికి వస్తాను.

మా ఓనరన్న 1998లో ఒక హ్యాండీక్యామ్ కొన్నాడు. గంగ జాతర కోసం. మీకందరికీ తెలుసు, మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరలో బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, రోజుకొక వేషం. వీధుల్లో తీసి, రాత్రికి లోకల్ ఛానల్‌లో వేస్తే ఊరంతా తమ ఇంటి పిల్లోడు కనిపిస్తాడేమోనని చూస్తుంది. జాతర అయిపోయాక ఆ కెమెరా బీరువాలో పడి ఉండేది. ఒక రాత్రి నాకేం తోచిందో, దాన్ని తీసుకుని మేడ మీదికి పోయాను. స్టాండ్ మీద పెట్టి కొండ వైపు తిప్పాను. రికార్డు నొక్కి, పిట్టగోడ మీద కూర్చున్నాను.

మన ఊరి నుంచి రాత్రిపూట కొండ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా! గాలిగోపురం దగ్గర వెలిగే శంఖచక్రనామాలు. కింద అలిపిరి నుంచి మెట్లదారి దీపాలు, మూడున్నర వేల మెట్ల దారిలో మనకు కనిపించే ముక్క, చెట్ల మధ్య తెగుతూ అతుకుతూ. పక్కగా ఘాట్ రోడ్డు మీద బస్సుల లైట్లు. ఒకటి మలుపులో కనిపించి మాయమవుతుంది, ఇంకెక్కడో పైన మళ్ళీ తేలుతుంది. 1944లో వేసిన రోడ్డు ఇప్పుడు దిగడానికి, 1974లో వచ్చిన రెండో రోడ్డు ఎక్కడానికి. చీకట్లో రోడ్డు కనబడదు, కొండ కూడా సరిగ్గా కనబడదు. దీపాలు కదలడమే కనబడుతుంది. క్యాసెట్లు మార్చి మార్చి రెండు గంటలకు పైగా తీశాను. కెమెరా కదపలేదు, జూమ్ చేయలేదు. వెనక శబ్దం ఏది పడితే అదే: కింద టీకొట్టు వాడి గ్లాసుల చప్పుడు, స్టేషన్‌లో అనౌన్స్‌మెంట్, కుక్కలు, ఎక్కడో ఒక గోవిందనామం. దాన్నంతా వీహెచ్ఎస్ క్యాసెట్ మీదికి ఎక్కించి, మర్నాటి రాత్రి ఒంటిగంటకు వేశాను.

మూడో రోజో నాలుగో రోజో ఫోను మోగింది. ఒక పెద్దావిడ గొంతు. "నాయనా, ఇప్పుడు కొండకు బస్సులు నడస్తాండాయా?" అని అడిగింది. టైము రెండయింది. అర్ధరాత్రి దాటాక ఘాట్ రోడ్డు కొన్ని గంటలు మూసేస్తారు కదా. "లేదమ్మా, అది ముందెప్పుడో తీసింది, ఇప్పుడు వేస్తున్నాం" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. ఫోన్ పెట్టేసిందేమో అనుకున్నాను. తర్వాత, "పోనీలే, ఎప్పుడుదైతే ఏముంది, వేస్తానే ఉండు" అంది. ఆమెకు నిద్ర పట్టదట. మనవడు లోపల పడుకుని ఉంటే శబ్దం లేకుండా పెట్టుకుని చూస్తుందట. ఎన్నో దీపం ఎక్కడ మలుపు తిరుగుతుందో ఆమెకు నోటికొచ్చేసింది. నేను ఒకసారి క్యాసెట్‌ను మొదటి నుంచి కాకుండా కొంచెం తర్వాత నుంచి వేస్తే, మర్నాడు ఫోన్ చేసి "రెండు బస్సులు ముందే పోయినాయే" అని చెప్పింది.

ఎవరూ చూడరని నేను వేసిన దాన్ని ఒక మనిషి అంత శ్రద్ధగా చూసింది. ఆ రోజు నుంచి నా పని నాకు వేరేగా కనబడింది.

అప్పుడు గమనించడం మొదలుపెట్టాను, ఈ ఊళ్ళో ఆ వేళప్పుడు ఎంతమంది మేలుకుని ఉంటారో. వేరే ఊళ్ళలో రాత్రి రెండింటికి నిజంగా ఊరు పడుకుంటుంది. తిరుపతి పడుకోదు. గోవిందరాజస్వామి గుడి వెనక వీధుల్లో పూలు కట్టే ఆడవాళ్ళుంటారు. పొద్దునకు మాలలు అందాలి. చేతులు వాటంతటవే పనిచేస్తుంటాయి, కళ్ళు అప్పుడప్పుడు పైకెత్తుతారు. వాళ్ళకు కథ ఉన్న సినిమా పనికిరాదు, ఒక ముడి వేసేలోగా హీరోయిన్ ఏమైందో తెలియదు. కొండ దీపాలైతే ఎప్పుడు తలెత్తినా కొండే. లాడ్జీల్లో దిగినవాళ్ళు ఇంకో రకం. గుండు చేయించుకోవడానికి వచ్చిన మరాఠీ కుటుంబం, తెల్లవారుజామున కొండెక్కాల్సిన తమిళ ముసలాయన, బస్సు దిగి నిద్రపట్టని కన్నడ పిల్లలు. తెలుగు మాటలు వాళ్ళకు అర్థం కావు. దీపాలకు భాష లేదు. మా కింద లాడ్జి కౌంటర్లో కుర్రాడు చెప్పేవాడు, గదుల్లోంచి ఫోన్ చేసి "కొండ కనిపించే ఛానల్ ఏది?" అని అడుగుతారని. కిటికీ తెరిస్తే నిజం కొండ కనిపించే గదుల్లోంచి కూడా.

ఆసుపత్రుల్లో తోడుగా ఉండేవాళ్ళు, స్టేషన్ సిబ్బంది, ఎంసెట్‌కు చదివే పిల్లలు, రాత్రి ఆటోలు. వీళ్ళందరి గురించీ చెప్పుకుంటూ పోతే రాత్రయిపోతుంది.

ఒక్క దృశ్యం మాత్రం చెప్పాలి. క్యాసెట్ అయిపోయే వేళకు నేను మేడ మీదికి టీ గ్లాసుతో వెళ్ళేవాణ్ణి. ఎదురుగా బైరాగిపట్టెడ వైపు ఇళ్ళు. చాలా కిటికీలు చీకటి. ఓ నాలుగైదు కిటికీల్లో టీవీ వెలుతురు. కింద క్యాసెట్‌లో దీపాలు అయిపోయి పద్మసరోవరం ఫోటో రాగానే, ఆ నాలుగైదు కిటికీల్లో మూడు ఒక్కసారిగా నల్లటి నీలం నుంచి పసుపుకు మారేవి. ఒకే క్షణంలో. మూడు ఇళ్ళలో ముగ్గురు మనుషులు, ఒకరికొకరు తెలియదు, నేను వేసిన బొమ్మనే చూస్తున్నారు. నాకు ఒళ్ళు జలదరించేది. సినిమా హాల్లో వెయ్యి మంది ఈల వేసినా నాకు అంత అనిపించలేదు.

ఒక రాత్రి క్యాసెట్ చిక్కుకుపోయింది. టేపు బయటికి లాగితే ముడతలు పడి వచ్చింది. రెండో వీసీఆర్ రిపేరులో ఉంది, కంప్యూటర్ ఆన్ కావడం లేదు. తెర మీద వీసీఆర్ ఇచ్చే ఉత్త నీలం రంగు. టేపును వేలితో సాపు చేస్తూ నేను టెన్షన్‌తో చెమటలు కక్కుతున్నాను. ఫోను మోగింది. అయిపోయింది, తిట్లే అనుకున్నాను. ఒకాయన. ఆసుపత్రి వార్డులో వాళ్ళమ్మ పక్కన కూర్చున్నానని చెప్పాడు. "క్యాసెట్ ఇరుక్కుందన్నా, పది నిమిషాల్లో వేస్తాను" అన్నాను. ఆయనేమన్నాడంటే: "నిదానంగా చెయ్ తమ్ముడూ. ఆ నీలం మాత్రం తీసేయొద్దు. అది పోతే వార్డంతా చీకటి." నలభై నిమిషాలు ఆ నీలమే వేశాను. తర్వాత కూడా కొన్ని రాత్రులు, ఆయన కోసం, క్యాసెట్‌కూ క్యాసెట్‌కూ మధ్య ఓ రెండు నిమిషాలు నీలం వదిలేవాణ్ణి.

ఇలాంటివి మన దగ్గరే జరిగాయని అనుకునేవాణ్ణి. డ్యూటీ మానేశాక, తీరిక దొరికాక చదివితే ప్రపంచమంతా ఇదే కథ. ఇంగ్లండ్‌లో బీబీసీ వాళ్ళు 1950లలో కార్యక్రమాల మధ్య ఖాళీల్లో చిన్న చిన్న ఫిల్ములు వేసేవాళ్ళు. అందులో ఒకటి 1953లో తీసిన కుమ్మరి చక్రం. చేతులు, మట్టి, చక్రం. కుండ పైకి లేస్తుంది, మళ్ళీ కుంగుతుంది, ఎంతకీ పూర్తికాదు. పూర్తవడం దాని పని కాదు. పలమనేరులో మట్టిపని చూసినవాళ్ళకు తెలుసు, చక్రం మీద చేతులు కదులుతుంటే కళ్ళు తిప్పుకోలేం. న్యూయార్క్‌లో డబ్ల్యూపీఐఎక్స్ అనే స్టేషన్ 1966 క్రిస్మస్‌కు ముందు రాత్రి ప్రకటనలన్నీ ఆపేసి, పొయ్యిలో కట్టె కాలుతున్న దృశ్యాన్ని గంటల తరబడి చూపించింది. తీసిన ఫిల్ము కొద్ది సెకన్లే. దాన్నే తిప్పి తిప్పి వేశారు. పొయ్యి లేని అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళకు టీవీయే పొయ్యి అయింది. నార్వే ప్రభుత్వ టీవీ 2009లో బెర్గెన్ నుంచి ఓస్లోకు రైలు ప్రయాణాన్ని, ఏడు గంటలకు పైగా, కత్తిరించకుండా వేసింది. 2011లో ఓడ ప్రయాణం 134 గంటలు. వాళ్ళ దగ్గర డబ్బుంది, కెమెరాలున్నాయి, దానికి 'స్లో టీవీ' అని పేరు పెట్టుకున్నారు. చదివినప్పుడు నాకు చాలా సంతోషమైంది. రేణిగుంట నుంచి గూడూరు దాకా రైలు కిటికీలోంచి ఎవరైనా అలా తీస్తే నేను ఇప్పుడైనా కూర్చుని చూస్తాను. స్వర్ణముఖి ఇసుక, శ్రీకాళహస్తి కొండ, ఆ తర్వాత పొలాలు.

అయితే రాత్రి వేళ వచ్చినవన్నీ మంచివని నేను చెప్పను. ఇది చెప్పకపోతే నాకు నిద్రపట్టదు.

టెలీషాపింగ్ టేపులు కొరియర్‌లో వచ్చేవి. అరగంట టేపు, వేస్తే ఇంత అని డబ్బు. అమెరికాలో 1984లో గంటకు ఎన్ని నిమిషాలు ప్రకటనలు వేయాలనే హద్దు తీసేశారు. అప్పటి నుంచి అరగంట పొడవునా ప్రకటనే ఉండే కార్యక్రమాలు అక్కడ పుట్టి, మన దాకా వచ్చాయి. వాటిలో కూరగాయలు తరిగే మిషన్లు, పొట్ట తగ్గించే బెల్టులు, మచ్చలు పోగొట్టే క్రీములు. తెల్లవాడి పెదాలు ఒకటి అంటుంటే తెలుగు గొంతు ఇంకోటి చెప్పేది. భర్తకూ, పక్కింటాయనకూ, డాక్టరుకూ ఒకే డబ్బింగ్ ఆర్టిస్టు. ఆ ఆర్టిస్టును నేను ఎప్పుడూ చూడలేదు గానీ ఆయనంటే నాకు గౌరవం. చిన్న గదిలో, కొద్ది డబ్బుకు, మూడు గొంతులు మార్చి, ఒక కత్తి టమాటాను పల్చగా కోస్తే నిజంగా పరవశించినట్టు పలికేవాడు. తక్కువ ఖర్చులో చేసిన పని చాలాసార్లు అలాగే ఉంటుంది. పనిచేసిన మనిషి దాంట్లో కనబడిపోతాడు. డబ్బు ఎక్కువైన చోట మనిషి ఆనవాలు చెరిపేస్తారు. అతుకు కనబడకూడదని వాళ్ళ తాపత్రయం. నాకేమో ఆ అతుకే ఇష్టం.

అదే కొరియర్‌లో ఇంకో రకం టేపులు వచ్చేవి. దిష్టి యంత్రాలు, అప్పులు తీర్చే లాకెట్లు, పిల్లలు పుట్టే ఉంగరాలు. ఎడిటింగ్ అంతా కన్నీళ్ళే. వాటిని సరిగ్గా రాత్రి ఒంటిగంట తర్వాతే వేయమనేవాళ్ళు. ఎందుకో నాకు మొదట అర్థం కాలేదు. ఆ పెద్దావిడ ఫోన్ వచ్చాక అర్థమైంది. ఆ వేళప్పుడు మేలుకుని ఉండేది ఎవరు? అప్పు గుర్తొచ్చి నిద్రపట్టనివాడు. రిపోర్టు కోసం ఎదురుచూసే తల్లి. మనిషి బాగా మెత్తబడిపోయే వేళ అది, ఏది చెప్పినా నమ్మాలనిపించే వేళ. 1954 నుంచే మంత్రతంత్రాలతో జబ్బులు నయం చేస్తామనే ప్రకటనలను నిషేధించే చట్టం మనకుంది. 2021 జనవరిలో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి, అతీత శక్తులున్నాయని చెప్పి యంత్రాలు అమ్మే టీవీ ప్రకటనలు చట్టవిరుద్ధమని తీర్పిచ్చింది. చాలా ఆలస్యంగా. నేను నా మటుకు ఓనరన్నతో చెప్పేశాను: "అన్నా, కత్తులు అమ్ముకుందాం, కడాయిలు అమ్ముకుందాం. ఇవి నేను వేయను." నెలకు కొంత డబ్బు పోతుందని ఆయన గొణిగాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు వచ్చి, ఆ టేపుల మీద జాతర వీడియో కాపీ చేసుకోమన్నాడు.

నిద్రపట్టనివాడి దగ్గరికి రాత్రి రెండు రకాలవాళ్ళు వస్తారు. పక్కన కూర్చుని గమ్మున ఉండేవాడు ఒకడు, ఆ సమయంలో జేబు చూసేవాడు ఒకడు. ఫిల్లర్ మొదటివాడిలా ఉండాలని నా కోరిక.

(సభలోంచి ఒకరు: "అన్నా, చూసేవాడు నిద్రపోతే అది బాగాలేదనే కదా అర్థం?")

మంచి మాట అడిగావు తమ్ముడూ. నాకు దీనికి జవాబు కొండ మీదే దొరికింది. ఏకాంత సేవ తెలుసు కదా. అర్ధరాత్రి దాటాక స్వామిని పవళింపజేసేటప్పుడు తాళ్ళపాక వంశం వాళ్ళు అన్నమయ్య జోల పాడతారు. తరిగొండ వెంగమాంబ పేరు మీద ముత్యాల హారతి ఇస్తారు. అన్నమయ్య 1503లో వెళ్ళిపోయాడు, వెంగమాంబ 1817లో. ఇన్నాళ్ళుగా ఆ పని ఆగలేదు. మళ్ళీ మూడింటి ప్రాంతంలో సుప్రభాతం. మధ్యలో ఉన్నది ఎంత? గంట, గంటన్నర. రద్దీ రోజుల్లో ఇంకా తక్కువ. సరిగ్గా నా క్యాసెట్ తిరిగే వేళ. మన భాషలో జోలపాట అనే ఒక పాట ఉంది, దాన్ని చివరిదాకా వినేవాడు ఉండడు. విన్నాడంటే పాట పనిచేయలేదన్నమాట. అమ్మ గొంతు బాగుందా, రాగం తప్పిందా అని ఏ బిడ్డా అడగదు. గొంతు అక్కడ ఉంటే చాలు. అమ్మ కూడా చప్పట్ల కోసం పాడదు. అన్నమయ్య అంతటివాడు ఆ జాతి పాట రాశాడంటే, నిద్రపోయేవాడి కోసం చేసే పని చిన్న పని కాదు. చూసేవాళ్ళు నా క్యాసెట్ ముందు నిద్రపోయారని తెలిస్తే నాకు ఎప్పుడూ సంతోషమే.

అలా దాదాపు పదేళ్ళు ఆ క్యాసెట్ తిరిగింది. కొత్తగా మళ్ళీ తీశాను, వానాకాలంలో ఒకటి, మంచు పట్టిన ధనుర్మాసంలో ఒకటి. 2008లో దేవస్థానం వాళ్ళ ఎస్వీబీసీ ఛానల్ వచ్చింది. స్వామివారి కల్యాణం, బ్రహ్మోత్సవాల వాహన సేవలు, నాదనీరాజనం, అన్నీ మంచి కెమెరాలతో ఇంట్లోకి వచ్చేశాయి. అది రావాల్సిందే. మా అమ్మ కూడా ఇప్పుడు అదే చూస్తుంది. మా దూరపు కొండ అవసరం తగ్గింది. 2009లో నేను డ్యూటీ మానేశాను. తర్వాత డిజిటల్ బాక్సులు వచ్చాయి. లోకల్ ఛానల్ వందల నంబర్ల కింద ఎక్కడో పడింది. కంట్రోల్ రూమ్ ఉన్న గదిలో ఇప్పుడు లాడ్జి వాళ్ళు పరుపులు పెట్టుకున్నారు. నేను పోయి చూసి వచ్చాను.

మీరు ఫోన్ గురించి అడుగుతారని తెలుసు. ఫోన్‌లో వాన శబ్దం ఉంది, పొయ్యి ఉంది, రైలు ఉంది, అన్నీ ఉన్నాయి, రాత్రంతా ఆగకుండా. మా అబ్బాయి అవి పెట్టుకునే పడుకుంటాడు, నాకేం అభ్యంతరం లేదు. కానీ వాడి వాన వాడి ఒక్కడిదే. పక్కింటి కిటికీలో ఆ క్షణానే రంగు మారదు. ఇంకో చివర స్విచ్ దగ్గర టీ గ్లాసు పట్టుకుని నిలబడినవాడు లేడు. "రెండు బస్సులు ముందే పోయినాయే" అని చెప్పడానికి ఎవరికి ఫోన్ చేయాలి?

ఆ పెద్దావిడ 2005 దాకా ఫోన్ చేసింది. వారానికొకసారి, రెండుసార్లు. పేరు నేనడగలేదు, ఆమె నా పేరు అడగలేదు. "నాయనా" అనేది, నేను "అమ్మా" అనేవాణ్ణి. ఒక ఉగాది ముందు ఫోన్లు ఆగిపోయాయి. నేను ఆ తర్వాత కూడా క్యాసెట్‌ను సరిగ్గా ఒంటిగంటకే, మొదటి నుంచే వేశాను, ఒక్క బస్సు కూడా తప్పిపోకుండా.

ఇదిగో, ఆ క్యాసెట్. వానలకు బూజు పట్టింది. తెల్లగా, ముగ్గు పొడిలాగ. ఒక మిత్రుడి సాయంతో తుడిచి, వీలైనంత కంప్యూటర్‌లోకి ఎక్కించాం. మొదట్లో ఓ నిమిషం గీతలు వస్తాయి, తర్వాత కుదురుకుంటుంది. దీంట్లో ఏమీ జరగదు. పన్నెండో నిమిషంలో మన టీకొట్టు వాడు ఎవరినో పిలుస్తాడు, అంతే. మధ్యలో వెళ్ళాల్సినవాళ్ళు వెళ్ళండి, నేనేమీ అనుకోను. నిద్ర వస్తే కుర్చీలోనే పడుకోండి.

అబ్బోడా, ఆ ట్యూబ్‌లైట్లు తీసెయ్. తలుపు దగ్గరది కూడా.